ఏడాది కోడెకు పరీక్ష: “ఇంకా కాలేదు” వేరు, “ఇక కాదు” వేరు

అమెరికాలోని మోంటానా, నెబ్రాస్కా, కెనడాలోని ఆల్బర్టా వంటి చోట్ల మాంసపు పశువులు పెంచేవాళ్లకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోడెల అమ్మకాల కాలం. కిందటేడు చలికాలం చివర్లో పుట్టిన మగదూడలకు అప్పటికి పన్నెండు, పద్నాలుగు నెలలు నిండుతాయి. వేసవి మొదట్లో వాటిని ఆవుల మందలోకి వదలాలి. ఆ లోపు పశువైద్యుడు వచ్చి ఒక్కో కోడెను ఇనుప బోనులో నిలబెడతాడు. వృషణాల సంచి చుట్టూ టేపు పెట్టి కొలుస్తాడు, వెనుక నుంచి చెయ్యి పెట్టి లోపలి గ్రంథులను తడిమి చూస్తాడు, వీర్యం తీసి మైక్రోస్కోపు కింద పరిశీలిస్తాడు. అంతా కలిపి కాసేపటి పని. ఆ కోడె ఆంబోతుగా అమ్ముడుపోతుందా, కబేళాకు పోతుందా అన్నది చాలాసార్లు ఆ కాసేపట్లోనే తేలిపోతుంది.

ఈ తొలి సంతాన సామర్థ్య పరీక్షలో ఎన్ని గట్టెక్కుతాయి? 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 3,648 ఏడాది కోడెల ఫలితాలు చూశారు. పాసైనవి సుమారు నాలుగింట మూడు వంతులు. మిగతావి ఆగిపోయాయి. ఈ లెక్క చూడగానే మాంసపు జాతుల్లో ఏదో పెద్ద జబ్బు తిరుగుతోందని అనిపిస్తుంది. కానీ ఆగిపోయిన వాటిలో రెండు రకాల కోడెలు కలిసి ఉంటాయి. కొన్నింటికి నిజంగానే లోపం ఉంటుంది. మిగతా వాటికి వయసు చాలలేదు, అంతే. ఈ రెండింటినీ విడదీయడమే ఈ పరీక్షలో అసలు కష్టం. కోడె ఏ జాతిదో, దాని తల్లి ఎలాంటిదో, దూడగా ఏం తిన్నదో తెలియకుండా ఆ పని సరిగా జరగదు.

కండ పట్టిన ఒళ్లు చూసి ఆంబోతు పనితనం చెప్పలేమన్న సంగతి పశువైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 1954లో కొలరాడో ప్రాంతంలో కొందరు వైద్యులు ఆంబోతుల సంతాన సామర్థ్యం మీద పనిచేయడానికే ఒక సంఘం పెట్టుకున్నారు. పశువుల పునరుత్పత్తి వైద్యుల సంఘమైన ఇవాళ్టి సొసైటీ ఫర్ థీరియోజెనాలజీకి మూలం అదే. 1963 నాటికి 10,940 పరీక్షల ఫలితాలు ఒక్కచోట అచ్చయ్యాయి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న కొలతలు ఆ సొసైటీ 1993లో ఖరారు చేసినవి. 15 నెలల లోపు కోడెకు వృషణాల సంచి చుట్టుకొలత కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. అక్కడి నుంచి ప్రతి మూడు నెలలకూ ఒక్కో సెంటీమీటరు పెరుగుతూ, రెండేళ్లు దాటిన ఆంబోతుకు 34 కావాలి. వీర్యకణాల్లో ముందుకు ఈదేవి నూటికి 30కి తగ్గకూడదు. ఆకారం సరిగా ఉన్నవి 70కి తగ్గకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పాస్ కాదు. అయితే తప్పిన ప్రతి కోడెనూ పనికిరానిదని రాయరు. “తీర్పు వాయిదా” అనే మూడో గడి ఒకటి ఉంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలని దాని అర్థం. కొనేవాళ్లు మాత్రం దాన్ని మర్యాదగా చెప్పిన “ఫెయిల్” అనే అనుకుంటారు. నిజానికి ఏడాది కోడెల విషయంలో ఆ మూడు గడుల్లో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది అదే.

ఎందుకో తెలియాలంటే కోడెకు యుక్తవయసు ఎలా వస్తుందో చూడాలి. ఒక్కసారి తీసిన వీర్యంలో కనీసం 5 కోట్ల వీర్యకణాలు ఉండి, వాటిలో నూటికి పది ముందుకు ఈదగలిగితే కోడెకు యుక్తవయసు వచ్చినట్టు లెక్క. 1978లో నెబ్రాస్కాలోని క్లే సెంటర్ పరిశోధన కేంద్రంలో వేర్వేరు జాతుల కోడెలను పెంచి, ఆ రోజు ఎప్పుడు వస్తుందో కనిపెట్టారు. బ్రౌన్ స్విస్ కోడెలు తొమ్మిది నెలలకు అటూ ఇటూగా అక్కడికి చేరాయి. ఆంగస్ అంతకంటే ఆలస్యం. హెర్‌ఫర్డ్ పదకొండో నెలకు దగ్గరగా వచ్చింది. వయసులో ఇంత తేడా ఉన్నా, బరువులో తేడా ఉన్నా, ఒక్క కొలత మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే అయింది. యుక్తవయసు వచ్చిన రోజున వృషణాల సంచి చుట్టుకొలత 27.9 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. అంటే కోడె ఎదిగిందా లేదా అన్నది క్యాలెండరు కంటే టేపు బాగా చెబుతుంది.

యుక్తవయసు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. అక్కడి నుంచి నూటికి 70 మంచి కణాలు వచ్చే దశకు మరో మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో తీసిన వీర్యంలో ఒక గుర్తు పదే పదే కనిపిస్తుంది. వీర్యకణం తయారైనప్పుడు మిగిలిపోయిన చిన్న ద్రవపు చుక్క దాని మెడకు అంటుకుని ఉంటుంది. ఎదిగిన ఆంబోతులో ఆ చుక్క తోకవైపు జారి రాలిపోతుంది, లేత కోడెలో రాలదు. మైక్రోస్కోపు కింద ఇవి ఎక్కువగా ఉండి, వృషణాలు గట్టిగా, సమానంగా ఉంటే అనుభవం ఉన్న వైద్యుడు కంగారు పడడు. ఒక వీర్యకణం తయారు కావడానికి 61 రోజులు, వృషణానికి అంటుకుని ఉండే గొట్టంలో పక్వానికి రావడానికి మరో పది రోజుల దాకా పడతాయి. రెండు నెలలు ఆగి చూడమనడం వెనుక ఉన్న లెక్క ఇదే. పన్నెండో నెలలో ఇలా తప్పిన కోడెల్లో చాలా వరకు పదిహేను, పదహారు నెలలకు గట్టెక్కుతాయి.

జాతి తేడా ఇక్కడ డబ్బు లెక్కగా మారుతుంది. సిమ్మెంటల్, గెల్బ్‌వీ కోడెలకు వృషణాలు త్వరగా, పెద్దగా పెరుగుతాయి. లిమూజిన్, బ్లాండ్ దకితెన్ వంటి ఫ్రెంచి కండ జాతులవి చిన్నవి. ఆంగస్, షారొలే, హెర్‌ఫర్డ్ ఆ రెండింటి మధ్యలో ఉంటాయి. అందరికీ ఒకే 30 సెంటీమీటర్ల గీత గీస్తే రెండు వైపులా అన్యాయం జరుగుతుంది. 31 సెంటీమీటర్లున్న సిమ్మెంటల్ కోడె తన జాతిలో వెనకబడినదైనా దర్జాగా పాసైపోతుంది. 29.5 ఉన్న లిమూజిన్ కోడె తన జాతికి తగ్గట్టే ఎదుగుతున్నా ఆగిపోతుంది. పశ్చిమ కెనడా పశువైద్యులు అందుకే జాతికో కనీస కొలత పెట్టుకున్నారు. అయితే జాతి పేరు చెప్పి చిన్న వృషణాలను వెనకేసుకు రావడమూ మంచిది కాదు. ఈ లక్షణం తండ్రి నుంచి బిడ్డలకు బాగా దిగుతుంది. అది మగదూడలతోనే ఆగదు. వృషణాలు పెద్దగా ఉన్న కోడెల అక్కచెల్లెళ్లు త్వరగా ఎదకు వస్తాయని 1978లో కొలరాడోలోనే తేలింది. చిన్న వృషణాల ఆంబోతును మందలో ఉంచుకున్నవాడు రేపటి పెయ్యలు ఆలస్యంగా ఎదకు రావడాన్ని కూడా కొనుక్కున్నట్టే.

మేత సంగతి ఇంతకంటే ముఖ్యం. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, అదీ ప్రేమతోనే. వృషణాలు చివరికి ఎంత పెద్దవి అవుతాయన్నది దూడ పుట్టిన రెండో నెల నుంచి ఐదో నెల దాకా మెదడు నుంచి వచ్చే హార్మోన్ల ఒరవడి మీద చాలా వరకు ఆధారపడుతుంది. ఆ నెలల్లో తల్లి పాలు, మేత సరిగా అందితే ఆ ఒరవడి బలంగా ఉంటుంది. అందకపోతే ఏడో నెల తర్వాత ఎంత దాణా పెట్టినా పోయింది తిరిగి రాదు. తొలిచూలు ఆవులకు పాలు తక్కువ. వాటి కొడుకుల వృషణాలు చిన్నగా ఉండడానికి అదొక కారణం. జాతి సంఘాలు కొలతలను పోల్చేటప్పుడు తల్లి వయసును బట్టి సర్దుబాటు చేసేది అందుకే.

జరిగేది మాత్రం సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. దూడ తల్లి దగ్గర ఉన్నన్నాళ్లూ పెద్దగా పట్టించుకోరు. పాలు మాన్పించాక అమ్మకం దగ్గర పడుతుంటే గింజల దాణా గుమ్మరిస్తారు. కోడె నిగనిగలాడుతుంది, వేలంలో ధర పలుకుతుంది. ఆ కొవ్వులో కొంత వృషణాల సంచి మెడ దగ్గర చేరుతుంది. వీర్యం తయారు కావాలంటే వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉండాలి. లోపలికి వెళ్లే వేడి రక్తాన్ని బయటికి వచ్చే చల్లటి రక్తం చల్లార్చేది ఆ మెడ భాగంలోనే. అక్కడ కొవ్వు పేరుకుంటే దుప్పటి కప్పినట్టు అవుతుంది. ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్ కేంద్రంలో గ్లెన్ కోల్టర్ బృందం 1980, 1990 దశకాల్లో దీన్ని విడమర్చి చూపింది. గింజలు ఎక్కువ తిన్న కోడెల కంటే గడ్డి మీద పెరిగిన కోడెల వీర్యం మెరుగ్గా ఉంది. అమ్మకానికి అందంగా తయారు చేయడమే కోడెను పనికి దూరం చేస్తోందన్న మాట. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ కొవ్వు టేపు కొలతను కూడా కాస్త పెంచి చూపిస్తుంది. కొనేవాడు రెండు విధాలా మోసపోతాడు. చలి దేశాల్లో దీనికి వ్యతిరేకమైన బెడద ఉంది. కెనడా మైదానాల్లో శీతగాలికి వృషణాల సంచి అడుగు భాగం గడ్డకట్టి పుండు పడుతుంది. చలికాలంలో గడ్డి పరుపు, గాలికి అడ్డు లేకపోతే వసంతంలో ఆ కోడెలు పరీక్షలో నిలవవు.

ఇక నిజమైన జబ్బుల సంగతి. ఏడాది కోడెల్లో తరచుగా దొరికేది, వైద్యుడు వెనుక నుంచి తడిమి చూసే లోపలి వీర్యగ్రంథుల వాపు. మంచి వీర్యంలో చీము కణాలు ఉండవు, ఈ జబ్బులో గుంపులుగా కనిపిస్తాయి. ట్రూపెరెల్లా పయోజీన్స్, హిస్టోఫిలస్ సోమ్ని, మైకోప్లాస్మా వంటి సూక్ష్మజీవులు దీనికి కారణమవుతాయి. గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉన్న దేశాల్లో దాన్ని తప్పకుండా అనుమానించాలి. యుక్తవయసు వచ్చే రోజుల్లో, గుంపుగా కట్టేసి దాణా మీద పెంచే కోడెల్లో ఇది ఎక్కువ. వీటిలో కొన్ని దానంతట అవే తగ్గిపోతాయి. తగ్గనివి యాంటీబయోటిక్‌లకు కూడా అంతంత మాత్రంగానే లొంగుతాయి. మళ్లీ పరీక్షలోనూ చీము ఉంటే ఆ కోడె కోసం ఇంకా ఆగడం వృథా.

లింగానికి వచ్చే సమస్యల్లో జాతి ముద్ర బాగా కనిపిస్తుంది. పుట్టుకతో లింగం కొనను తొడుగుకు కట్టిపడేసే సన్నని తోలు పట్టీ యుక్తవయసు నాటికి తెగిపోవాలి. షార్ట్‌హార్న్, ఆంగస్ కోడెల్లో అది కొన్నిసార్లు అలాగే ఉండిపోతుంది. లింగం బయటికి వచ్చినప్పుడు విల్లులా వంగుతుంది. కత్తెరతో ఒక్క క్షణంలో కత్తిరించవచ్చు. కానీ ఇది వంశంలో దిగే లోపం కాబట్టి, ఆ కోడెను మాంసానికి పోయే దూడల మందలో వాడుకోవచ్చు గానీ వంశపు మందకు ఆంబోతుగా అమ్మడం సరికాదు. గుంపులో పెరిగే కోడెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటాయి. అప్పుడు ఊడిన వెంట్రుకలు లింగం చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటాయి. పాపిలోమా వైరస్ వల్ల పులిపిర్లు కూడా వస్తాయి. రెండూ తీసేస్తే నయమయ్యేవే, పులిపిరి మాత్రం మళ్లీ మొలవచ్చు. కొమ్ములు లేని ఆంగస్, పోల్డ్ హెర్‌ఫర్డ్ జాతుల్లో తొడుగు తోలును వెనక్కి లాగే కండరం బలహీనంగా ఉండడమో, అసలే లేకపోవడమో ఉంటుంది. లోపలి తోలు బయటికి వేలాడి, ముళ్లకూ మట్టికీ పుండు పడుతుంది. మూపురపు పశువుల నెత్తురున్న బ్రాహ్మణ్, శాంటా గెర్ట్రూడిస్ జాతుల్లోనూ ఇదే గాయం కనిపిస్తుంది, కారణం వేరు. వాటి తొడుగే పొడవుగా, కిందికి జారి ఉంటుంది. గాయం ఒకటే అయినా కారణాన్ని బట్టి ఆంబోతును ఎంచుకునే పద్ధతి మారాలి.

వృషణం సరిగా పెరగకపోవడం మీద స్వీడన్ కథ చెప్పుకోదగ్గది. అక్కడి కొండ జాతి పశువుల్లో ఎడమ వృషణం చిన్నగా ఉండిపోయే లోపం 1930 దశకంలో బాగా వ్యాపించి ఉండేది. నిల్స్ లాగర్‌లోఫ్ వంటి వైద్యులు అది వంశపారంపర్యమని గుర్తించారు. లోపమున్న పశువులను తప్పించడం మొదలుపెట్టాక ఇరవై ఏళ్లలో అది బాగా తగ్గిపోయింది. ఎవరూ కొత్త మందు కనిపెట్టలేదు. ఏటా ఓపికగా తడిమి చూశారు, రాసిపెట్టుకున్నారు. దీనికి మరో కొసన బెల్జియన్ బ్లూ జాతి ఉంది. రెట్టింపు కండల కోసం తరాల పాటు ఎంచుకుంటూ పోయారు. ఆ జాతి కుర్ర కోడెల వీర్యం హోల్‌స్టీన్ కోడెల వీర్యం కంటే నాసిగా ఉందని బెల్జియంలోని ఘెంట్‌లో చేసిన పోలికల్లో తేలింది. ఆ జాతి ఆవులకు చాలా వరకు కడుపు కోసే దూడను తీయాలి. కండ ఒక్కటే చూసి ఎంచుకున్న ఫలితం రెండు వైపులా కనిపిస్తోంది.

ఇంతవరకూ చెప్పినవి యూరప్ మూలాల జాతులు. మూపురం ఉన్న జాతులకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది, అక్కడ తెలుగు నేల నేరుగా కథలోకి వస్తుంది. బ్రెజిల్ మాంసపు మందల్లో అధిక భాగం నెలోర్ జాతి. అది మన ఒంగోలు పశువే. నెల్లూరు పేరు అక్కడ నెలోర్ అయింది. 1960 దశకం మొదట్లో ఆంధ్ర నుంచి ఓడెక్కిన గిత్తల్లో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు దగ్గర కరవది ఊరి పేరు బ్రెజిల్ వంశపత్రాల్లో ఆ గిత్త పేరుగా నేటికీ కనిపిస్తుంది. అమెరికన్ బ్రాహ్మణ్ జాతిలోనూ గుజెరాత్ (మన కాంక్రేజ్), గిర్ జాతులతో పాటు ఒంగోలు నెత్తురు ఉంది.

ఈ జాతుల కోడెలు ఆంగస్ కంటే నెలల కొద్దీ ఆలస్యంగా యుక్తవయసుకు వస్తాయి. పచ్చిక మీదే పెరిగితే ఇంకా ఆలస్యం. పద్నాలుగు నెలల ఆంగస్‌కు పెట్టే పరీక్ష అదే వయసు నెలోర్‌కు పెడితే చాలా కోడెలు తప్పడం ఖాయం. దాన్ని జబ్బు అనడం ఆ పశువుకు అన్యాయం. ఇంకో తేడా కూడా ఉంది. నెలోర్ వృషణాలు తరచుగా గుండ్రంగా కాకుండా పొడవుగా ఉంటాయి. చుట్టూ తిప్పిన టేపు ఆ పొడవును చూడదు కాబట్టి, లోపల ఉన్న కండ కంటే తక్కువ చెబుతుంది. మరోపక్క ఎండ తట్టుకోవడంలో వీటికి పైచేయి. వృషణాలకు వెళ్లే రక్తనాళాల గుత్తి వీటిలో పొడవుగా ఉంటుంది, నాళాల గోడలు పలచన, వేడి రక్తానికీ చల్లటి రక్తానికీ మధ్య దూరం తక్కువ. వేసవి వేడికి యూరప్ జాతి ఆంబోతు వీర్యం దెబ్బతిన్న చోట మూపురపు ఆంబోతు నిలబడుతుంది. బ్రెజిల్ పెంపకందారులు ఈ ఆలస్యాన్ని జాతి తలరాత అని వదిలేయలేదు. 365, 450 రోజుల వయసులో వృషణాల కొలత తీసి, దాన్ని వంశ విలువల లెక్కలో చేర్చి, త్వరగా ఎదిగే కోడెలనే ముందుకు తెస్తున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో మాంసం కోసం ఆంబోతులను పెంచే పద్ధతి లేదు గానీ ఈ పరీక్ష మనకు అక్కర్లేనిదేమీ కాదు. నంద్యాల, కరీంనగర్ లాంటి ఘనీకృత వీర్య కేంద్రాల్లో ఆంబోతులను పరీక్షించాకే వీర్యం సేకరిస్తారు. పల్లెల్లో దేవుడి పేరు మీద అచ్చుబోసి వదిలిన ఆంబోతునూ, గేదెలకు దాటించే దున్ననూ మాత్రం ఎవరూ కొలవరు. ఆవు తిరగ పొర్లితే, అంటే దాటించాక చూడి కట్టకుండా మళ్లీ ఎదకు వస్తే, రైతు ఆవునే అనుమానిస్తాడు. మూడు నాలుగు ఆవులు అలా పొర్లితే ఆంబోతును కూడా పశువైద్యుడికి చూపించడం మంచిది.

ఇంత జాగ్రత్తగా చూసినా ఈ పరీక్ష కంటికి అందనివి కొన్ని ఉన్నాయి. 1964లో స్వీడన్‌లో ఇంగెమార్ గుస్తావ్‌సన్ పశువుల్లో ఒకటో క్రోమోజోము, 29వ క్రోమోజోము ఒకదానికొకటి అతుక్కుపోయే లోపాన్ని కనిపెట్టాడు. షారొలే, బ్లాండ్ దకితెన్ సహా చాలా జాతుల్లో అది ఉంది. అలాంటి ఆంబోతు చూపుకు బాగుంటుంది, వీర్యం బాగుంటుంది, చూడి శాతం మాత్రం కాస్త తగ్గుతుంది. సిమ్మెంటల్‌కు దగ్గరి బంధువైన ఫ్లెక్‌వీ జాతిలో 2014లో బయటపడింది ఇంకా విచిత్రం. టీఎంఈఎం 95 అనే జన్యువులో లోపం తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వచ్చిన ఆంబోతుల వీర్యం మైక్రోస్కోపు కింద మామూలుగానే ఉంది. ఆ వీర్యంతో చేసిన కృత్రిమ గర్భధారణలో నూటికి రెండు ఆవులు కూడా చూడి కట్టలేదు. ఇలాంటివి జన్యు పరీక్షలో తప్ప దొరకవు.

ఎదకొచ్చిన ఆవును చూసి కోడె ముందుకు వెళ్తుందా అన్నదీ ఈ పరీక్షలో భాగం కాదు. ఉత్తర ఆస్ట్రేలియాలో చాలా ఆంబోతులను ఒకే మందలో వదిలి, పుట్టిన దూడల డీఎన్ఏ చూస్తే, కొన్ని ఆంబోతులకే ఎక్కువ దూడలు దక్కాయి. పాసైన ఆంబోతుల్లోనూ కొన్నింటికి ఒక్క దూడా లేదు. ఆకారం సరిగా ఉన్న వీర్యకణాల శాతానికీ, దూడల సంఖ్యకూ మాత్రం గట్టి సంబంధం కనిపించింది.

అందుకే పాసైన ఏడాది కోడెను కూడా పెద్ద ఆంబోతులా వాడకూడదు. ఎన్ని నెలల వయసో అన్ని ఆవులు అన్నది అమెరికా పశువుల కాపరుల పాత లెక్క. పద్నాలుగు నెలల కోడెకు పద్నాలుగు ఆవులు, అంతకు మించి వద్దు. ముదురు ఆంబోతుల మందలో లేత కోడెను కలపకూడదు, తన్నులు తిని మూలన నిలబడుతుంది. ఇంకా ఎదుగుతున్న ఒళ్లు కాబట్టి రెండు నెలల్లో అది బాగా చిక్కిపోతుంది, అప్పుడు బయటికి తీసి మేపాలి. కోడెను వదిలిన రోజు రాసిపెట్టుకుని, 21 రోజుల తర్వాత ఏ ఆవులు మళ్లీ ఎదకు వస్తున్నాయో పొద్దునా సాయంత్రం చూడాలి. ఎక్కువ ఆవులు తిరగ పొర్లుతుంటే ఆ సీజను ఇంకా చేజారలేదు, మరో ఆంబోతును దించడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.